ట్రాన్స్‌లూసెంట్ ఆర్కాన్సాస్ రాయి మీద ఎంత నూరినా కత్తి గడ్డాన్ని పీకుతోంది: తప్పు రాయిదా, కత్తిదా?

హెచ్ఎస్ఆర్_హరి
మా బావ డల్లాస్‌లో ఉంటాడు. ఆర్కాన్సాస్ రాష్ట్రంలో హాట్ స్ప్రింగ్స్ వైపు కారులో వెళ్లినప్పుడు నా పోరు పడలేక అక్కడి సహజమైన నూరుడు రాయి, వెలుగు కాస్త చొరబడే ట్రాన్స్‌లూసెంట్ ఆర్కాన్సాస్ రకం, ఒకటి తెచ్చిపెట్టాడు. 6 అంగుళాల పొడవు, 2 వెడల్పు, అరంగుళం మందం. గడ్డం గీసే కత్తి పాత జర్మనీ సోలింగెన్ సరుకు, ఇక్కడ బెంగళూరు ఆదివారం బజార్‌లో దొరికింది, తుప్పు మరకలు పోయేదాకా తోమి పెట్టుకున్నా. ఆఫీసు నుంచి వచ్చాక కుట్టుమిషను నూనె చుక్కలు వేసి నూరుతూనే ఉన్నా. అంచు తళతళా మెరుస్తోంది. చేతి మీద వెంట్రుకలు కొన్ని తెగుతాయి, కొన్ని వంగి మళ్లీ లేస్తాయి. చెంప మీద ఎలాగో నెట్టుకొస్తున్నా గానీ దవడ కిందకి వచ్చేసరికి పీకుడే, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. రాయి నకిలీదా? నూనె మానేసి నీళ్లు వాడాలా? ఇంకో రాయి కొనమని మాత్రం చెప్పకండి, ఇంట్లో ఇప్పటికే "ఆ బండరాయి" అని పేరు పెట్టేశారు.

గడ్డం_రాజు
పీకుతుంటే పెంచెయ్ బ్రో. నూనె ఖర్చు కూడా మిగుల్తుంది.

చమురు_చుక్క
ఈ రాయి దగ్గరికి రాకముందు కత్తిని దేని మీద నూరావు? వెయ్యి గ్రిట్ రాయి (గ్రిట్ అంటే రేణువు సన్నదనం, అంకె పెరిగేకొద్దీ సన్నం) ఏదైనా వాడావా, బజారు నుంచి తెచ్చింది తెచ్చినట్టు దీని మీదే మొదలెట్టావా?

హెచ్ఎస్ఆర్_హరి
దీని మీదే. మంచి రాయి ఒక్కటి ఉంటే చాలు, మిగతాదంతా అమ్ముకునేవాళ్ల ప్రచారం అని ఎక్కడో చదివా.

చమురు_చుక్క
దొరికింది జబ్బు. ట్రాన్స్‌లూసెంట్ అనేది చివర్లో మెరుగు పెట్టే రాయి. దాని కోత చాలా తక్కువ. దశాబ్దాలు ఎక్కడో పెట్టెలో పడి ఉన్న కత్తికి అంచు గుండ్రబడి ఉంటుంది, కంటికి కనపడదు. రెండు వైపుల బెవెల్, అంటే అంచు పక్కన ఏటవాలుగా అరిగిన భాగం, వచ్చి మధ్యలో ఒక గీత మీద కలవాలి, మడమ (పిడి వైపు కొస) నుంచి ముక్కు (అవతలి కొస) దాకా. అవి కలవనప్పుడు నువ్వు మెరిపించేది బెవెల్ పైభాగాన్నే, వెంట్రుక తగిలే చోటు అలాగే మొద్దుగా ఉంది. అందుకే మెరుపూ ఉంది, పీకుడూ ఉంది.

పెరంబూర్_ప్రసాద్
ఇక్కడ నేను ఒప్పుకోను. చెన్నై చూళైలో మా నాన్నకు సెలూన్ ఉండేది. కస్టమర్ల కత్తులన్నిటికీ ఒక్కటే రాయి, గోడకు వేలాడే తోలుపట్టా ఒకటి, అది అందకపోతే అరచెయ్యి. వెయ్యి, నాలుగు వేలు, ఎనిమిది వేలు అని ఈ లెక్కలేవీ ఆయన ఎరగడు. ఆయన గీస్తే కుర్చీలోనే నిద్రపోయేవాళ్లు. ఒక్క రాయితో కాదని ఎలా అంటారు?

చమురు_చుక్క
ప్రసాద్ గారూ, మీ నాన్నగారు కత్తిని మొద్దుబారనిచ్చేవారా?

పెరంబూర్_ప్రసాద్
ఎందుకు బారనిస్తారు? రోజూ సాయంత్రం షట్టర్ సగం దించి నాలుగు సార్లు అటూ ఇటూ లాగి, గుడ్డతో తుడిచి పెట్టేవాడు.

చమురు_చుక్క
అదే నేననేది. బాగున్న అంచును బాగా ఉంచడానికి ఒక్క రాయి చాలు, ఏళ్ల తరబడి చాలు. లేని అంచును పుట్టించడం వేరే పని. హరి కత్తికి ఇంకా పుట్టలేదు.

పెరంబూర్_ప్రసాద్
సరే, ఈ మాట ఒప్పుకుంటా. కానీ కొత్త కత్తి వస్తే మా నాన్న దాన్ని ఎక్కడో ఇచ్చి నూరించి తెచ్చుకునేవాడు, ఎక్కడో నాకు గుర్తు లేదు. తర్వాత సగం బ్లేడు పెట్టుకునే కత్తులు వచ్చాయి. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదన్న భయం మొదలయ్యాక రాయీ పట్టా మూలన పడ్డాయి. రాయి ఇప్పటికీ నా దగ్గరుంది, మధ్యలో పల్లంలా అరిగిపోయి.

టూల్‌రూమ్_తాత
పీణ్యలో టూల్‌రూమ్‌లో చేసి రిటైరయినవాణ్ణి. గేజీలకు, డైలకు అంచున లేచే పొలుసు, అదే బర్, తియ్యడానికి ఆర్కాన్సాస్ రాయి ముక్కలు మా సొరుగుల్లో ఉండేవి, కాబట్టి ఈ రాయి గుణం కొంత తెలుసు. అందరూ గ్రిట్, గ్రిట్ అంటున్నారు. తయారుచేసిన రాయిలో రేణువుల్ని జిగురుతోనో మట్టితోనో కలిపి కాలుస్తారు. నూరేకొద్దీ పాత రేణువు రాలిపోయి కొత్తది బయటికొస్తుంది కాబట్టి దానికి గ్రిట్ నంబరు చెప్పొచ్చు. ఆర్కాన్సాస్ అలా రాలదు. మొత్తం సన్నటి క్వార్ట్జ్ పలుకులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్న రాయి అది. పైపొర ఎంత గరుకుగా ఉంటే అంత కోస్తుంది, ఎంత నునుపుగా ఉంటే అంత మెరుగు పెడుతుంది. అదే రాయిని 220 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) మీద రుద్దితే ఒక రకం, 600 మీద రుద్ది ఆపైన నూనె వేసి పాత ఉలి వెనక భాగంతో గట్టిగా అరగదీస్తే ఇంకో రకం. నా రాయికి ఒక వైపు అది, ఇంకో వైపు ఇది.

కొత్త రాయి మీద రంపం గీతలు గానీ రుద్దిన గీతలు గానీ ఉంటాయి. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడు బాబూ. గీతలుంటే ఎంత నూరినా అంచు పంటి పంటిగా ఉంటుంది, అది కూడా గడ్డాన్ని పీకుతుంది. జేసీ రోడ్డులో ఏ స్పేర్ పార్ట్స్ షాపులోనైనా వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ అడుగు, ఒక పక్క ముతక, ఇంకో పక్క సన్నం ఉన్న డబ్బా ఇస్తారు. వంటగది గ్రానైట్ ముక్క ఒకటి చదునుగా ఉన్నది చూసుకుని దాని మీద రాసి రాయిని ఎనిమిది అంకె తిప్పు. ముందు పెన్సిల్‌తో రాయి నిండా గళ్లు గియ్యి, అన్ని గళ్లూ ఒకేలా చెరిగాయంటే చదును వచ్చినట్టు. పొడిగా మాత్రం రుద్దొద్దు. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు.

చమురు_చుక్క
తాతగారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇప్పుడే అతన్ని రాయి అరగదియ్యమంటే ఆదివారం మొత్తం చేతులు పడిపోయేలా రుద్ది, తీరా బెవెల్ లేని కత్తినే మళ్లీ దాని మీద పెడతాడు. ముందు కత్తి సంగతి తేలనివ్వండి. హరీ, నల్ల పర్మనెంట్ మార్కర్ తీసుకుని రెండు వైపులా అంచు వెంబడి పూసి ఆరనివ్వు. కత్తి వెన్ను, అంచు రెండూ రాయికి ఆనేలా పెట్టి, బరువు వెయ్యకుండా ఒక్కసారి ముందుకి, తిప్పి ఒక్కసారి వెనక్కి లాగు. తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పు, అంచు మీద కాదు. తర్వాత లెన్స్‌తో చూసి సిరా ఎక్కడ మిగిలిందో చెప్పు.

టూల్‌రూమ్_తాత
అవును, ముందు అదే. నేను తొందరపడను, పెన్షన్ ఎలాగూ నెల నెలా వస్తుంది.

కొత్తగా_చేరా
అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కుట్టుమిషను నూనె వాసన ముఖం దగ్గర పడదు నాకు. కొబ్బరి నూనె వాడొచ్చా? ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది.

పెరంబూర్_ప్రసాద్
మా నాన్న కూడా మొదట్లో కొబ్బరి నూనే వాడాడు. వాడొచ్చు.

చెక్కపని_శైలజ
వద్దు. వంట నూనెలు, తల నూనెలు ఏవీ వద్దు. నేను చెక్క చెక్కే ఉలులకు ఆయిల్ స్టోన్లే వాడతాను. వేరుశెనగ నూనె లాంటివి కొన్నాళ్లకు జిగురుగా మారి రాయి రంధ్రాల్లో అంటుకుపోతాయి, తర్వాత రాయి కొయ్యదు, జారుతుంది. కొబ్బరి నూనె అంత తొందరగా జిగురు కట్టదు గానీ కమురు కంపు కొడుతుంది. పైగా బెంగళూరు డిసెంబరులో పొద్దున్నే సీసాలో గడ్డ కట్టి కూర్చుంటుంది, 24 డిగ్రీల కిందకి వస్తే అంతే కదా. ఆముదమైతే మరీ చిక్కన, కత్తి రాయికి తగలకుండా దాని మీద తేలుతుంది. మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ అడగండి, వాసన ఉండదు, ఆరిపోదు, పాడవదు. చిక్కగా అనిపిస్తే చుక్క కిరోసిన్ కలుపుకోవచ్చు. చిన్నపిల్లల నూనెల్లో మినరల్ ఆయిల్ అని రాసి ఉన్నది కూడా పనికొస్తుంది, కాకపోతే గులాబీ వాసన వస్తుంది.

పెరంబూర్_ప్రసాద్
చెన్నైలో కొబ్బరి నూనె ఎప్పుడూ గడ్డ కట్టలేదు లెండి. మాకు ఉన్నవి రెండే కాలాలు, ఎండాకాలం, ఇంకా ఎండాకాలం.

నీళ్ల_పార్టీ
అసలు నూనె ఎందుకండీ ఈ జిడ్డు వ్యవహారం? నాది బెల్జియంలో దొరికే కోటికుల్ అనే సహజ రాయి. నీళ్లు చల్లితే చాలు, కొంచెం బురద చేసుకుంటే గార్నెట్ పలుకులు కోస్తాయి, బురద కడిగేసి ఉత్త నీళ్లతో లాగితే మెరుగు పెడుతుంది. ఒకే రాయి రెండు పనులు చేస్తుంది. హరి ఆ రాయి అమ్మేసి ఇది కొనుక్కోవడం మంచిది.

చెక్కపని_శైలజ
ఇంకో రాయి కొనమనొద్దని పైన రాశాడు, చదవలేదా. నూనె ఎందుకంటే, నూరేటప్పుడు ఊడే ఇనుప పొడిని అది తేల్చి పైన ఉంచుతుంది, లేకపోతే ఆ పొడి రాయికే పట్టుకుని నున్నగా అయిపోతుంది. గుడ్డతో తుడిస్తే నల్లగా వచ్చేది అదే. ఇంకోటి, నూనెలో నూరిన కార్బన్ స్టీలు తుప్పు పట్టదు.

నీళ్ల_పార్టీ
ఆర్కాన్సాస్ మీద సబ్బు నీళ్లు వాడేవాళ్లూ ఉన్నారు, బ్రహ్మాండంగా పనిచేస్తుంది అంటారు.

టూల్‌రూమ్_తాత
పనిచేస్తుంది. ట్రాన్స్‌లూసెంట్ నూనె పీల్చదు కాబట్టి గిన్నెలు తోమే సబ్బుతో కడిగేసి నీళ్లకు మారినా ఇబ్బంది లేదు. అదే జాతిలో ముతక రకాలు సాఫ్ట్ ఆర్కాన్సాస్, వాషిటా అయితే నూనె లోపలికి దిగుతుంది, ఒకసారి నూనె పట్టిస్తే నూనెతోనే ఉండటం మంచిది. జిడ్డు పోతుందని రాయిని నీళ్లలో ఉడకబెట్టేవాళ్లను చూశాను, పగిలితే అతుక్కోదు.

మార్కాపురం_మస్తాన్
మా ఊరి పలకల మీద నూరొచ్చా? మా మేనమామ షెడ్డులో గుట్టలు గుట్టలుగా పడున్నాయి. పలక కూడా సన్నటి రాయేగా.

గడ్డం_రాజు
పలక మీద నూరితే కత్తికి ఓనమాలు వస్తాయి.

రాళ్ల_రమణ
రాజు గారు నవ్వించారు గానీ మస్తాన్ అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. జర్మనీలో తురింజియా రాళ్లు, వేల్స్‌లో కొన్ని రాళ్లు పలక జాతివే, గడ్డం కత్తుల మెరుగుకి వాటికి ఎంతో పేరు. కానీ ప్రతి పలకా అందుకు పనికిరాదు. లోపల క్వార్ట్జ్ పలుకులన్నీ ఒకే సైజులో, సన్నగా ఉండాలి, మధ్యలో ఒక్క గట్టి గింజ ఉన్నా అంచుకి గాటు పడుతుంది. నీళ్లతో, ముందు కూరగాయల కత్తి మీద ప్రయత్నించి చూడండి, గీతలు కనపడితే అక్కడితో వదిలెయ్యండి. కడప బండ మీద నూరొచ్చా అని ఎవరైనా అడిగేలోపే చెప్తున్నా: అది సున్నపురాయి, కాల్సైట్. గట్టిదనం స్కేలు మీద 3. క్వార్ట్జ్ 7. గట్టిపడిన స్టీలును సున్నపురాయి ఏమీ చెయ్యలేదు.

హరికి ఒక మాట. రాయి అసలైనదా కాదా తేల్చుకోవడం తేలిక. వంటగది కాటా మీద రాయి బరువు చూడండి. తర్వాత కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నాకి తెచ్చి, రాయిని దారంతో కట్టి అడుగు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపించే అంకెతో రాయి బరువును భాగించండి. ఆర్కిమెడీస్ సూత్రమే, టెన్త్ క్లాసులో చదివాం. స్వచ్ఛమైన క్వార్ట్జ్ 2.65 ఉంటుంది. మంచి ట్రాన్స్‌లూసెంట్ లేదా బ్లాక్ (ఆర్కాన్సాస్‌లోనే నల్ల రకం) అయితే 2.5 దాటాలి. సాఫ్ట్ రకం లోపల ఖాళీలుంటాయి కాబట్టి తక్కువ వస్తుంది. చీకట్లో వెనక నుంచి టార్చ్ కొడితే అంచుల్లో వెలుగు కూడా కనపడాలి.

హెచ్ఎస్ఆర్_హరి
రెండు పరీక్షలూ అయ్యాయి. బరువు 252 గ్రాములు, ముంచితే 98 వచ్చింది. అంటే 2.57. టార్చ్ కొడితే అంచులు లేత నారింజ రంగులో వెలుగుతున్నాయి. దారం కట్టి వేలాడదీసిన రాయిని చూసి మా అమ్మాయి దానికి బొట్టు పెట్టింది.

మార్కర్ సంగతి: ముక్కు వైపు నుంచి సగం దాకా రెండు పక్కలా సిరా శుభ్రంగా పోయింది. మడమ వైపు ఒక పక్క సన్నగా గీతలా మిగిలిపోయింది, సరిగ్గా అంచు మీదే, బెవెల్ పైభాగంలో మాత్రం పోయింది. ఇంకో పక్క మధ్యలో చిన్న మచ్చ.

చమురు_చుక్క
ఇక అనుమానం లేదు. మడమ వైపు బెవెల్ కలవలేదు. దవడ కింద నువ్వు మడమ వైపుతోనే గీస్తున్నావు కదూ?

హెచ్ఎస్ఆర్_హరి
అవును. అక్కడ ముక్కు వైపు అందదు.

రాళ్ల_రమణ
రాయి నిర్దోషి. కేసు కొట్టేశారు.

గడ్డం_రాజు
బావకి సారీ చెప్పు. పాపం లగేజీలో పావు కిలో మోసుకొచ్చాడు.

చమురు_చుక్క
వెయ్యి గ్రిట్ కావాలి. కొనొద్దన్నావు గనక ఎవరి దగ్గరైనా అప్పు తెచ్చుకో. ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రెండు రంగుల రాయి మాత్రం వద్దు, అవి కొడవళ్లకీ వంటింటి కత్తులకీ. ఆ ముతక వైపు ఒక్కసారి పెట్టావంటే ఆ గీతలు తియ్యడానికి వారం పడుతుంది.

కొత్తగా_చేరా
ఇండియా స్టోన్ అని ఒకటి ఉందిగా, మన దేశపు సహజ రాయి, దానితో మొదలుపెట్టకూడదా?

టూల్‌రూమ్_తాత
పేరే ఇండియా బాబూ. నార్టన్ వాళ్లు అమెరికాలో అల్యూమినియం ఆక్సైడుతో తయారు చేసిన రాయి అది, గనిలోంచి తీసింది కాదు. ఉలికి, చిత్రిక బ్లేడుకి బంగారం. గడ్డం కత్తికి మరీ ముతక.

చెక్కపని_శైలజ
సహజ రాళ్లతోనే మొదటి నుంచి చివరిదాకా చెయ్యాలన్న పట్టుదల ఉన్నవాళ్లు వాషిటాతో మొదలుపెడతారు. కాస్త నొక్కి నూరితే చురుగ్గా కోస్తుంది, బరువు తీసేసి నూరితే అదే రాయి సన్నగా మారుతుంది. పైక్ కంపెనీ లిలీ వైట్ లేబుల్ రాళ్లకి ఇప్పటికీ గిరాకీ. 1932లో నార్టన్ ఆ కంపెనీని కొనేసింది. ఆ లేబుల్‌తో పాతది దొరికితే మాత్రం నాకు చెప్పండి, మీరు కొనకండి.

హరీ, మా ఇల్లు జేపీ నగర్. నా వెయ్యి రాయి, ఐదు వేల రాయి ఈ ఆదివారం తీసుకెళ్లు. కత్తి వెన్నుకి ఇన్సులేషన్ టేపు ఒక పొర వేసి నూరు, వెన్ను అరక్కుండా ఉంటుంది. ఐదు వేలు అయ్యాక ఆ టేపు పీకి కొత్తది వెయ్యి, ఆర్కాన్సాస్ మీద కూడా టేపుతోనే లాగు. మధ్యలో టేపు తీసేస్తే కోణం మారిపోయి అంచు రాయికి తగలదు.

పెరంబూర్_ప్రసాద్
టేపా! మా నాన్న వింటే రాయి విసిరేవాడు.

టూల్‌రూమ్_తాత
నాకూ టేపు ఇష్టం లేదు. వెన్నూ అంచూ కలిసి అరిగితేనే కత్తి తయారైనప్పటి కోణం నిలబడుతుంది. కానీ మొదటిసారి నూరేవాడు ఎలాగూ ఎక్కువ నొక్కుతాడు, ఈసారికి ఉండనీ.

హెచ్ఎస్ఆర్_హరి
శైలజ గారి రాళ్లు తెచ్చుకున్నా. వెయ్యి మీద మడమ వైపు కొంచెం ఎక్కువ పని పెట్టాక సిరా రెండు వైపులా ఒకేసారి పోయింది, బెవెల్ గీత మధ్యలో ఎక్కడా విరగలేదు. అప్పుడు చేతి మీద పెడితే వెంట్రుకలు వంగడం మానేసి ఎగిరిపడ్డాయి. వెయ్యి మీదే! ఐదు వేలు అయ్యాక ఆర్కాన్సాస్‌కి వచ్చా. తాతగారు చెప్పినట్టు ముందు ఒక వైపు పేస్ట్‌తో చదును చేసి, 600 పేపర్ మీద రుద్ది, పాత ఉలితో నునుపు చేశా. భుజాలు ఇంకా నొప్పే. పారాఫిన్ వేసి కత్తి బరువుతోనే లాగుతుంటే మొదట్లో గీరినట్టు వినపడింది, పోను పోను శబ్దం సన్నబడి చివరికి చేతికి కాస్త అంటుకున్నట్టు తగిలింది. దవడ కింద పీకుడు పోయింది. గడ్డం కొన దగ్గర మాత్రం ఇంకా కొంచెం మంట.

చమురు_చుక్క
ఆ అంటుకున్నట్టు తగలడమే గుర్తు, అక్కడ ఆపెయ్యాలి. ఇంకా లాగితే పల్చటి రేకు లేచి విరుగుతుంది. మంట గురించి: రాయి మీంచి తీశాక నూనె పూర్తిగా తుడిచావా? ఆ నూనె, ఇనుప పొడి తోలుపట్టాకి అంటితే పట్టా పాడు. అసలు పట్టా ఏది వాడుతున్నావ్?

హెచ్ఎస్ఆర్_హరి
పాత ప్యాంటు బెల్టు.

పెరంబూర్_ప్రసాద్
అందుకే మంట. బెల్టు తోలు మీద రంగు పూత ఉంటుంది, పైగా వెడల్పు చాలదు. నీ పని మీద ఎవరైనా చెన్నై వస్తుంటే పెరియమేట్‌లో తోలు షాపులకి పంపు. క్రోమ్ రసాయనంతో పదును చేసిన తోలు కాదు, చెట్టు బెరడుతో పదును చేసిన తోలు అని చెప్పి, 3 అంగుళాల వెడల్పు, చెయ్యి చాపినంత పొడవు పట్టీ కోయించుకో. గొళ్లేనికి తగిలించి బిగువుగా పట్టుకుని, వెన్ను ముందు పోయేలా లాగు. పట్టా వదులైతే అంచు గుండ్రబడుతుంది, అప్పుడు మళ్లీ ఇక్కడికొచ్చి రాయిని తిడతావు.

ఇంకో మాట. గీసుకున్నాక కడిగి తుడిచి పలచగా నూనె రాసి పెట్టు. తోలు సంచిలో దాచకు, చెమ్మ లోపలే ఉంటుంది. మా సముద్రపు గాలికి రాత్రికి రాత్రే చుక్కలు లేస్తాయి, మీ ఊళ్లో కాస్త నయం.

హెచ్ఎస్ఆర్_హరి
వచ్చే శనివారం మా తమ్ముడు చెన్నై వెళ్తున్నాడు. పట్టీ ఒకటి చాలా, రెండు తెమ్మననా?

చెక్కపని_శైలజ
రెండు. ఒకటి నాకు. రాళ్ల అద్దె అనుకో.

మార్కాపురం_మస్తాన్
పలక మీద కూరగాయల కత్తి నూరా. టమోటా తెగుతోంది. గీతలు మాత్రం కనపడుతున్నాయి, గడ్డం దగ్గరికి తీసుకెళ్లే ధైర్యం లేదు.

గడ్డం_రాజు
హరీ, ఆ వాల్వ్ పేస్ట్ మిగిలితే పారెయ్యకు. మా పాత బుల్లెట్‌కి హెడ్ విప్పారు, రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్తా.